నామినల్ రోల్‌కు ఎక్కని మచ్చ

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన కొన్నాళ్లకే పదో తరగతి నామినల్ రోల్స్ పని మీద పడేది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష... ఇవన్నీ అడ్మిషన్ రిజిస్టర్ ముందర పెట్టుకుని దించేయొచ్చు. ఒక్క గడి మాత్రం పిల్లను ఎదురుగా నిలబెట్టుకుంటే తప్ప నిండదు. పుట్టుమచ్చలు. అవీ రెండు కావాలి. నేను బయాలజీ చెప్పేదాన్ని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. "మచ్చలు మీ సబ్జెక్టే గద మేడం" అని మా హెడ్మాస్టర్ సార్ ఒక ఏడు నవ్వుతూ అప్పగించారు. ఆ తర్వాత ఎన్ని బడులు మారినా ఆ గడి నన్ను వదల్లేదు.

వరండాలో వెలుతురు పడేచోట కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచేదాన్ని. మొహం, మెడ, మోచేతి దాకా చేతులు. అంతవరకే. అవి బయటికి కనబడే చోట్లు, ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు. 'ఎ మోల్ ఆన్ ది రైట్ చీక్. ఎ మోల్ ఆన్ ది లెఫ్ట్ ఫోర్ ఆర్మ్.' ఈ రెండు వాక్యాలు నిద్రలో లేపి రాయమన్నా రాస్తాను. ఎంత వెతికినా ఒక్కటే మచ్చ దొరికే పిల్లలుండేవారు. వాళ్లకు మోకాలి మీద చిన్నప్పుడు పడ్డ దెబ్బ ఆనవాలైనా రాసేవాళ్లం. ఒకడు మాత్రం అందరికీ రెండున్నాయి, తనకొక్కటే ఉందని చిన్నబుచ్చుకుని, వరుసలో నిలబడే ముందు గదవ మీద నల్ల పెన్నుతో చుక్క పెట్టుకొచ్చాడు. వేలు తడిచేసి రుద్దితే పోయింది. క్లాసంతా గొల్లుమంది.

1991లో ఉద్యోగంలో చేరి 2023లో రిటైరయ్యాను. ఏడాదికి నలభై మంది పిల్లలనుకున్నా, తలా రెండు చొప్పున ముప్పై రెండేళ్లకు రెండున్నర వేల మచ్చలు నా చేతి మీదుగా రికార్డులకెక్కాయి. అన్ని మచ్చలు రాసినదాన్ని, వాటిలో ఒక్కదాన్నీ రెండోసారి చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు. మచ్చంటే మారనిది, అందుకే కదా గుర్తు కింద రాస్తున్నాం అనుకునేదాన్ని. పోలీసు ఠాణాలో హులియా రాసుకున్నా, పాస్‌పోర్టు దరఖాస్తులో గుర్తులు అడిగినా అదే నమ్మకం మీద.

ఆ నమ్మకాన్ని కదిలించింది నా దగ్గర చదివిన పిలగాడే. 2016లో జిల్లాలు విడగొట్టి, సారంగాపూర్ నుంచి వేరుచేసి మా బీర్పూర్‌ను మండలం చేశారు. ఆ చలికాలమే అతను మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, మెమో పట్టుకుని ఇంటికొచ్చాడు.

"మేడం, మెమోల రాసిన మచ్చ నా మొకం మీద లేదు. ఎవలది తీసి నాకు రాసిన్రు?"

కోపంగా అనలేదు, నవ్వుతూనే అడిగాడు. 1994 బ్యాచ్. ఎడమ చెంప మీద మచ్చ అని నా అక్షరాలే. వెలుతురులోకి రమ్మని చూశాను. నల్ల మచ్చ లేదు నిజమే. కానీ సరిగ్గా ఆ చోటే శనగపప్పు బద్దంత, తోలు రంగులోనే మెత్తగా ఉబ్బి ఉంది. దాని మీద రెండు వెంట్రుకలు. "ఇదేంది మరి?" అన్నాను. "గది పులిపిరి మేడం, మొన్న మొన్న లేసింది." నేను పిల్లలకు తోలు పొరల బొమ్మ బోర్డు మీద వెయ్యిసార్లు వేసి ఉంటాను. ఆ బొమ్మలో ఉన్న సంగతి మనిషి మొహం మీద అప్పుడు చూశాను. మెమోలో రాసిన మచ్చ ఎక్కడికీ పోలేదు. అదే ముసలిదైంది.

మన తోలుకు రంగునిచ్చే కణాలున్నాయి, మెలనోసైట్లు అంటారు. అవి పైపొర అడుగున వరుసగా, దూరం దూరంగా ఉంటాయి. ఎక్కడైనా అలాంటి కణాలు కొన్ని గుంపుకట్టి కూర్చుంటే అదే మచ్చ. చిన్నతనంలో ఆ గుంపు పైపొర అడుగునే ఉంటుంది కాబట్టి మచ్చ చదునుగా, నల్లగా కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కణాలు మెల్లగా కింది పొరలోకి దిగుతాయి. దిగినకొద్దీ పైకి ఉబ్బెత్తుగా లేస్తుంది, రంగు వెలిసిపోతుంది, కొన్నిటికి వెంట్రుకలు మొలుస్తాయి. నిండు ముసలితనంలో కొన్ని మచ్చలు ఆనవాలు లేకుండా కరిగిపోతాయి కూడా. అంటే మచ్చకూ బాల్యం, యవ్వనం, వార్ధక్యం ఉన్నాయి. మనం పదిహేనో ఏట దాని ఫొటో తీసినట్టు ఒక వాక్యం రాసి, జీవితాంతం అదే మొహంతో ఉండాలంటున్నాం.

అసలు పుట్టుమచ్చ అన్న మాటే కొంత తప్పుదోవ పట్టిస్తుంది. పుట్టుకతో మచ్చ ఉండే పిల్లలు నూటికి ఒకరు. మిగిలిన మచ్చలన్నీ పసితనం దాటాక ఒకటొకటిగా వచ్చేవే. పదేళ్ల వయసులో, ఇరవైల్లో, ముప్పైల్లో కూడా కొత్తవి లేస్తాయి. మన పాత వైద్యులకు ఈ తేడా తెలుసు. సుశ్రుతుడు పుట్టుకతో వచ్చేదాన్ని జతుమణి అని వేరుగా పెట్టాడు. మినపగింజలా ఉబ్బి ఉండేది మషకం, నువ్వుగింజలా చదునుగా ఉండేది తిలకాలకం. మినుములు, నువ్వులు పండించే మా వైపు మనుషులకు ఇంతకన్నా తేలిగ్గా చెప్పే పోలికలు నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు. నువ్వు కాస్తా మినుమవుతుందని పిల్లలకు చెప్పి ఉంటే ఆ మస్కట్ పిలగాడు మెమో పట్టుకుని వచ్చేవాడు కాదు.

ఇక నా సంగతి.

2023లో అధిక శ్రావణం పోయి నిజ శ్రావణం వచ్చింది. శుక్రవారం పూట వాడకట్టు ఆడవాళ్లం ఒకరింట్లో కూడాం. కోడలు పీట వేసి కూర్చోబెట్టి కాళ్లకు పసుపు రాస్తోంది. మాకు పసుపు కొనుక్కునే పనుండదు, కోరుట్ల, మెట్‌పల్లి వైపు చుట్టాలింటి నుంచి కొమ్ములు వస్తాయి, మరాడించుకుంటాం. ఆ పసుపుకు రంగు ఎక్కువ. పాదం పైన రాసి, మడమ పట్టుకుని కొద్దిగా లేపింది.

"అత్తమ్మా, కాలు కింద గీ నల్లగున్నదేంది?"

"తారేమో, రోడ్డేస్తున్నరు గద" అన్నాను. ఆమె పసుపు చేత్తోనే రుద్దింది. పోలేదు. అరికాలి వంపులో, కందిపప్పు బద్దంత. ఎంత వంగినా నాకు కనబడదు. కోడలు ఫోన్‌తో ఫొటో తీసి చూపించింది. పచ్చటి పాదంలో నల్లటి చుక్క. పక్కన కూర్చున్న పెద్దమ్మ వెంటనే తేల్చేసింది, "అరికాల్ల మచ్చ ఉంటె దేశాలు తిరుగుతరు బిడ్డా." పంచాంగంలో పుట్టుమచ్చల ఫలితాలు చదివిన అలవాటు ఆమెది. ఆ లెక్కన మా మండలంలో దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్ల అరికాళ్లన్నీ మచ్చలతో నిండిపోవాలి.

రెండు వారాలు పట్టించుకోలేదు. ఆ తర్వాత కరీంనగర్‌లో వేరే పనుంటే, అదే దారిలో చర్మ డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్నకే నోరు మెదపలేకపోయాను.

"ఎప్పటి నుంచి ఉందమ్మా?"

ఊరందరి మచ్చలు రాసినదాన్ని. నాది నాకు తెలియదు. నా మెమోలో ఉన్నవి మెడ మీదొకటి, కుడిచెయ్యి మీదొకటి. అరికాలు నామినల్ రోల్‌కు ఎక్కే చోటు కాదు కదా. డాక్టరమ్మ నా మొహం చూసి, "చాలామంది ఇదే మాట. అందుకే మేం మళ్లీ చూడాల్సి వస్తుంది" అంది.

ఆమె టేబుల్ మీద భూతద్దమూ టార్చిలైటూ కలిపినట్టు చేతిలో ఇమిడే పరికరం ఉంది, డెర్మోస్కోప్ అంటారట. అరికాలి మీద చుక్క జెల్ వేసి దాన్ని ఆనించి చూసింది. తర్వాత ఆ బొమ్మ కంప్యూటర్ తెర మీద నాకూ చూపించింది. నిజం చెప్పాలంటే మంచి పసుపు చేను చూసినట్టనిపించింది. పసుపు వేసేటప్పుడు బోదెలు తోలుతాం కదా, ఒక బోదె, ఒక కాలువ, ఒక బోదె, ఒక కాలువ. అరికాలి తోలు, అరచేతి తోలు సరిగ్గా అలాగే ఉంటాయి. వేలిముద్రల్లో కనబడేవి ఆ బోదెలే. నా మచ్చలో నలుపంతా కాలువల్లో సన్నని గీతలుగా పారుతోంది. బోదెలు ఖాళీగా ఉన్నాయి.

"కాలువలో ఉంటే మంచిదమ్మా. బోదె మీదికెక్కితేనే భయం" అంది డాక్టరమ్మ. పసుపు రైతు బిడ్డకు ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? ఈ తేడాను పట్టుకుని ప్రపంచానికి నేర్పింది జపాన్ వైద్యులు, ముఖ్యంగా తోషియాకి సైదా. వాళ్లు దీని మీద అంత శ్రమపడటానికి కారణముంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఈ రంగు కణాల నుంచే పుడుతుంది. తెల్లతోలు వాళ్లకది వీపు మీద, కాళ్ల మీద, ఎండ తగిలే చోట వస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ. జపాన్ వాళ్లకు, ఆఫ్రికా వాళ్లకు, మనకు అది చాలా అరుదు. మన దేశంలో ఏడాదికి లక్ష మందిలో ఒకరికి కూడా రాదు. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా అరికాళ్లలోనో, అరచేతుల్లోనో, గోళ్ల కిందనో వస్తుంది. ఎండతో దానికి పెద్ద సంబంధం కనబడదు. మన తోలులోని నలుపు ఎండ నుంచి గొడుగు పట్టినట్టు కాపాడుతుంది, కానీ అరికాలికి ఆ గొడుగుతో పనే లేదు.

అంటే మేం ముప్పై రెండేళ్లు చెంపలు, ముంజేతులు వెతికాం. మనవాళ్లకు చూసుకోవాల్సిన చోటు ఎవరూ చూడని చోట ఉంది.

డాక్టరమ్మ మందులేం రాయలేదు. కొలిచి, 5 మిల్లీమీటర్లు అని కార్డు మీద రాసింది. నలభై దాటాక కొత్తగా కనబడిన మచ్చ కాబట్టి మూడు నెలలకొకసారి చూద్దామంది. మధ్యలో నన్నే ఫొటోలు తీసుకోమంది. ఏముంది, ఫోన్ ఉంది కదా అనుకున్నాను. మొదటి నాలుగు ఫొటోలు దేనికీ పనికిరాలేదు. ఒకదాంట్లో ఫ్లాష్ పడి మచ్చ మెరిసి బూడిదరంగైంది. ఇంకోదాంట్లో పసుపు కడగక ఆకుపచ్చగా వచ్చింది. మూడోది దగ్గర్నుంచి తీశాను, కానీ పక్కన కొలత లేదు, ఏనుగైనా ఎలుకైనా ఒకటే. నాలుగోదాన్ని మా వారి ఫోనుతో తీశాం. ఆ ఫోన్ తనంతట తనే మచ్చలు చెరిపి తోలు నున్నగా చేసే రకం. మచ్చ సగం మాయం.

ఇప్పుడు నాకు పద్ధతి కుదిరింది. నెల మొదటి ఆదివారం, పొద్దున పది గంటలకు. ముందురోజు రాత్రే పాదం సబ్బుతో కడిగేస్తాను. తూర్పు కిటికీ పక్క స్టూలు మీద కాలు పెడతాను, నేరుగా ఎండ పడకుండా. మచ్చ పక్కన పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు. ఫ్లాష్ ఉండదు. ఎప్పుడూ నా ఫోనే. ఒక ఫొటో పాదం మొత్తం కనబడేట్టు, ఒకటి జానెడు దూరం నుంచి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపుతాను. మిగిలిపోయిన హాజరుపట్టీ ఒకటి బీరువాలో ఉంటే దాన్ని మచ్చల పుస్తకం చేశాను. తేదీ, పొడవు, వెడల్పు, రంగు, దురద, రక్తం. ఆ చివరి రెండు గడుల్లో ఇంతవరకూ లేదు, లేదు, లేదు అనే ఉంది. మా వారు నవ్వుతారు, రిటైరయ్యాక కూడా రిజిస్టర్ దింపలేదని.

మా వాడకట్టులోనే ఇంకొకాయన ఉన్నారు. ఆయన ఒప్పుకున్నారు కాబట్టి రాస్తున్నాను, పేరు మాత్రం వద్దన్నారు. పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో కట్టడం పనిలో ఉండి వచ్చారు. కుడి మడమ మీద నల్లగా చిన్న మచ్చ లేచింది. బూట్ల రాపిడికి ఆనె లేచిందనుకున్నారు. బ్లేడుతో చెక్కారు. మళ్లీ లేచింది. జీడిగింజ కాల్చి రసం పెట్టారు, చాకలి బట్టలకు గుర్తు పెట్టే జీడి, పులిపిర్లు రాలిపోతాయని మా వైపు అందరికీ తెలిసిన మందే. తోలు కాలి పుండైంది. పట్టీ కట్టించుకున్నారు, షుగర్ పుండేమోనని షుగర్ పరీక్ష చేయించారు, అది మామూలుగానే ఉంది. ఒకచోట ముక్క కోశారు గానీ దాన్ని పరీక్షకు పంపలేదు. ఇలా ఏడాదిన్నర. చివరికి గజ్జల్లో బిళ్ల కడితే అప్పుడు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకుపోయారు. మడమ చాలావరకు తీసేసి, తొడ తోలు తెచ్చి అతికించారు. గజ్జల్లోవీ తీశారు. ఆయన ఇవాళ గుట్ట మీది నరసింహస్వామి దగ్గరికి ఎక్కలేరు, కింద నుంచే దండం పెట్టుకుంటారు.

మెలనోమా విషయంలో డాక్టర్లు ముందు చూసేది ఎంత వెడల్పుందని కాదు, ఎంత లోతుకు దిగిందని. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికా వైద్యుడు మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, బతుకూ చావూ ఆ అంకె మీదే ఆధారపడతాయని చూపించాడు. ఒక్క మిల్లీమీటరు లోపల ఉండగా కోసి తీసేస్తే నూటికి తొంభై మందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతారు. మిల్లీమీటరంటే స్కేలు మీది ఒక్క గీత. ఏడాదిన్నర ఆనె అనుకుంటూ కూర్చుంటే ఆ గీతలు నాలుగైదు దాటిపోతాయి. జీడి, సున్నం, బట్టల సోడా, గుర్రపు వెంట్రుక... వీటితో తోలు కాలడం ఒక నష్టమైతే, కింద ఏముందో చూపించే ఆనవాలు చెరిగిపోవడం ఇంకో నష్టం.

పాటగాడు బాబ్ మార్లే సంగతీ ఇంతే. 1977లో కాలి బొటనవేలి గోరు కింద పుండైతే ఫుట్‌బాల్ ఆడుతూ తగిలిన దెబ్బ అనుకున్నారు. అది మెలనోమా. 1981 మే 11న మయామీలో ముప్పై ఆరేళ్లకే పోయాడు. గోళ్ల దగ్గర మనం కూడా మోసపోతాం. మైదాకు పెట్టుకునే ఆడవాళ్ల గోళ్లకు ఆ రంగు నెలల తరబడి ఉంటుంది. నలుపు తోలు వాళ్లకు గోళ్ల మీద నిలువుగా సన్నని నల్ల గీతలు మామూలే, నాలుగైదు వేళ్లకుంటే దిగులే లేదు. పెద్ద వయసులో ఒక్క గోటికే కొత్తగా గీత వచ్చి, నెలనెలా వెడల్పై, గోరు మొదట్లో తోలు మీదికి కూడా నలుపు పాకితే అప్పుడు పరుగెత్తాలి. దెబ్బ తగిలి కట్టిన రక్తమైతే గోరుతో పాటే ముందుకు జరుగుతుంది. మొదటి ఫొటోలో గోరు మొదట్లో ఉన్న నలుపు మూడు నెలల తర్వాత కాస్త పైకి జరిగి, వెనుక తెల్లగోరు వస్తుంటే అది రక్తమే. కాలి బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, కాబట్టి ఓపిక కావాలి.

ఎ, బి, సి, డి అని ఒక గుర్తుల పట్టిక ఉంది. 1985లో న్యూయార్క్ వైద్యులు చేశారు. రెండు సగాలు ఒకలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో రెండుమూడు రంగులు, 6 మిల్లీమీటర్లు దాటిన సైజు. అంటే పెన్సిల్ వెనుక ఉండే రబ్బరంత. 2004లో వాటికి ఇ చేర్చారు, మారుతూ ఉండటం. నాకు అడిగే హక్కుంటే ఆ చివరిదాన్నే ముందు పెడతాను. మొదటి నాలుగూ తెల్లతోలు వాళ్ల మచ్చలు చూసి చేసినవి. మన అరికాలి మచ్చలు వాటికి సరిగ్గా ఒదగవు. సైదా లెక్కలో అరికాలికి హద్దు 7 మిల్లీమీటర్లు. కానీ మారడం అనేది ఏ తోలు మీదైనా మారడమే. అది తెలియాలంటే నిన్న ఎలా ఉండేదో రాసి ఉండాలి.

ఒంటినిండా మచ్చలున్నవాళ్లు అన్నిటికీ ఫొటోలు తీసుకుంటూ కూర్చోనక్కర్లేదు. విత్తనానికి వదిలిన వరిమడిలో కేళీలు ఏరినట్టు చూడాలి. మా ఊళ్లో విత్తనాల పంట వేసే ఏ కూలీ అయినా గట్టు మీద నిలబడి ఒక్క చూపులో చెబుతుంది, ఆ మూల ఒక మొక్క పొడుగెదిగింది, ఈ మూల ఒకటి ముందే ఈనింది అని. ప్రతి మొక్కనూ కొలిచి చెప్పదు. ఒక మనిషి ఒంటి మీది మచ్చలన్నీ దాదాపు ఒకే ఇంటివాళ్లలా ఉంటాయి. వాటిలో ఒకటి వేరే ఇంటి నుంచి వచ్చినట్టుంటే దాన్నే చూపించుకోవాలి. ఇంకో మాట, మెలనోమాల్లో ఎక్కువ భాగం పాత మచ్చలోంచి రావు, ఏ మచ్చా లేని తోలు మీద కొత్తగా లేస్తాయి. కాబట్టి ఉన్న మచ్చలను కాపలా కాస్తే సరిపోదు, లేనిచోట లేచినదాన్నీ చూడాలి.

భయపడొద్దని చెప్పాల్సినవీ ఉన్నాయి. మచ్చ మీద వెంట్రుక మొలవడం చెడ్డది కాదు. ఏళ్ల తరబడి మెల్లగా ఉబ్బి రంగు తగ్గడమూ కాదు. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీది మచ్చలు తోలుతో పాటు సాగుతాయి. కొందరు పిల్లలకు మచ్చ చుట్టూ తెల్లగా గుండ్రంగా సున్న చుట్టినట్టవుతుంది, బొల్లి అనుకుని తల్లులు ఏడుస్తారు. చాలాసార్లు ఒంటి రక్షణ కణాలే ఆ మచ్చను కరిగిస్తున్నాయని అర్థం. యాభై దాటాక మొహం మీద, మెడ మీద లేచే నల్ల పొక్కులు, అంటించినట్టుండే గరుకు మచ్చలు కూడా వయసు తెచ్చేవే.

మొహం మీద ఒకటి మాత్రం వేరు. పెద్దవాళ్లకు ముక్కు పక్కన, కంటి కింద నల్లగా, ముత్యంలా మెరుస్తూ లేచి, నడిమధ్యలో పుండై, మానినట్టే మాని మళ్లీ రక్తం కారేది. తెల్లవాళ్లకు అది గులాబీ రంగులో వస్తుంది, మనవాళ్లకు నల్లగా వస్తుంది, అందుకని పుట్టుమచ్చే అనుకుంటాం. బేసల్ సెల్ కార్సినోమా దాని పేరు. మెల్లగా పెరుగుతుంది, ఒంట్లోకి పాకడం చాలా అరుదు, కోసి తీస్తే పోతుంది. వదిలేస్తే ముక్కును తినేస్తుంది.

అందం కోసం మచ్చలు కాల్పించుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. మా చెల్లెలి బిడ్డ పెళ్లికి ముందు పై పెదవి మీది మచ్చ ఒకచోట కాల్పించుకుంది, పేరెందుకు. అంతకుముందు దాన్ని ఎవరూ డెర్మోస్కోప్‌తో చూడలేదు, తీసిన ముక్కను ఎవరూ సీసాలో వేయలేదు. ఏమీ కాలేదు సరే. కానీ అనుమానమున్న మచ్చను కాల్చడం, గీకడం తప్పు. చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మంచి తోలుతో సహా మొత్తంగా కోసి, ఫార్మలిన్ సీసాలో పెట్టి, పెథాలజిస్టుకు పంపాలి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా పని పూర్తయినట్టు కాదు. మా జగిత్యాలలోనే 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఇంతకు ముందులా ప్రతిదానికీ కరీంనగరో హైదరాబాదో అనే రోజులు కావివి.

నా మచ్చ సంగతి: మూడు నెలలకు చూశారు, ఆరు నెలలకు చూశారు, తర్వాత ఏడాదికి. 5 మిల్లీమీటర్లే. నలుపు కాలువల్లోనే ఉంది. "ఇక మీరే చూసుకోండి, మారితే రండి" అంది డాక్టరమ్మ. నెలకొకసారి మానేసి మూడు నెలలకొకసారి చేశాను. కోడలు ఇప్పుడు ఎవరింట్లో పసుపు రాసినా ముందు అరికాలు తిప్పి చూస్తుందట. పోయిన శ్రావణంలో ఒక ముసలమ్మ కితకితలై కాలు లాక్కుంది.

మా వారు మాత్రం వినే రకం కాదు. ముప్పై ఏళ్లు వట్టి కాళ్లతో రోళ్లవాగు కింద నాట్లేయించిన మనిషి. "నా కాలు నాకు తెల్వదా" అంటారు. మొన్న స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చుంటే, అడగకుండానే మడమ పట్టుకుని స్టూలు మీద పెట్టేశాను. ఎడమ మడమ అంచున, పగుళ్ల పక్కన, మిరియపు గింజలో సగమంత నలుపు. గుండె ఝల్లుమంది. స్కేలు తెచ్చి కొలిచాను, 2 మిల్లీమీటర్లు. చుట్టూ బాల్‌పెన్‌తో సున్న చుట్టి ఫొటో తీశాను. "వారం కింద తుమ్మముల్లు ఇరిగింది, గదే" అన్నారాయన. ముల్లు గుచ్చుకుని లోపల గడ్డకట్టిన రక్తమైతే రెండు మూడు వారాల్లో తోలుతో పాటు పైకొచ్చి రాలిపోతుంది. హాజరుపట్టీలో కొత్త పేజీ తిప్పి ఆయన పేరు రాశాను. ఎడమ మడమ, నలుపు, 2 మి.మీ., ముల్లు కావచ్చు. మళ్లీ చూడాల్సిన తేదీ పక్కన వేశాను. ఇంకా పది రోజులుంది.